ఉన్ని ఏరుకునే మనసు

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రాన్ని ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియాపదానికి కేటాయించిన నిర్వాహకులకు ముందుగా నా కృతజ్ఞతలు. ముందు వరుసల్లో ఇంటర్, డిగ్రీ విద్యార్థులు కూర్చున్నారు. వెనుక వరుసల్లో నాలాగే ఏళ్ల తరబడి బల్లల మధ్య తిరుగుతూ పాఠాలు చెప్పిన ఉపాధ్యాయ మిత్రులు కనిపిస్తున్నారు. మీ అందరికీ పనికొచ్చే మాట ఏదా అని ఆలోచించి ఊల్‌గ్యాదర్ అనే క్రియను తీసుకున్నాను.

ఊల్ అంటే ఉన్ని. గ్యాదర్ అంటే ఏరి పోగుచేయడం. రెండూ కలిస్తే ఉన్ని ఏరుకోవడం. అయితే ఇవాళ ఇంగ్లీషులో ఈ మాట వాడేవాళ్ల దృష్టిలో గొర్రె గానీ ఉన్ని గానీ ఉండవు. చేస్తున్న పని మీద ధ్యాస లేకుండా మనసు ఎటో తిరుగుతోందని చెప్పడానికి దీన్ని వాడతారు. పిలిస్తే పలకని మనిషి, అడిగిన ప్రశ్న మళ్లీ అడిగించుకునే మనిషి, అన్నం ముందు పెట్టుకుని గోడ వైపు చూసే మనిషి, వీళ్లంతా ఊల్‌గ్యాదరింగ్‌లో ఉన్నట్టు లెక్క. దీని ఉచ్చారణ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. స్వెట్టర్ల దుకాణం పుణ్యమా అని మనకు ఊలు అని దీర్ఘం తీయడం అలవాటైంది. ఇంగ్లీషువారి నోట అది హ్రస్వం. పెదవులు సున్నాలా చుట్టి, పొట్టిగా వదిలేయాలి.

ఈ మాట మీకు రోజువారీ సంభాషణల్లో తరచుగా తగలదు. నవలల్లో, వ్యాసాల్లో, పెద్ద వయసు వారి మాటల్లో ఎక్కువగా వినిపిస్తుంది. అందులో చిన్న మందలింపు ఉంటుంది, కానీ కోపం ఉండదు. అమ్మ చేతిలో గరిటె పట్టుకుని, ఏమిటా పరధ్యానం అని అడిగినప్పుడు ఆ గొంతులో ఎంత గద్దింపు ఉంటుందో అంతే ఇందులోనూ ఉంటుంది. అర్థం ఇంతే అయితే నిఘంటువు తెరిచి చూసుకుంటే సరిపోయేది, ఈ సభే అవసరం ఉండేది కాదు. నన్ను ఈ మాట దగ్గర నిలబెట్టింది దాని వెనుక ఉన్న బతుకు. మనసు నిలకడగా లేదని చెప్పడానికి ప్రపంచంలో ఎన్నో పనులు ఉండగా, ఈ ఉన్ని ఏరుకునే పనినే ఎందుకు పట్టుకున్నారు?

గొర్రెలు మందగా కదిలేటప్పుడు ముళ్లపొదల పక్కన, కంచెల సందుల్లోంచి దూరుతూ పోతాయి. ఇంగ్లండ్‌లో ఆ కంచెలు చాలావరకు హాథార్న్ అనే ముళ్లచెట్టుతో, బ్రాంబుల్ అనే ముళ్లతీగతో అల్లుకున్నవి. వేసవి మొదట్లో గొర్రె ఒంటి మీద పాత ఉన్ని వదులవుతుంది. ఆ వదులైన ఉన్ని ముళ్లకు తగులుకుని, కుచ్చులు కుచ్చులుగా అక్కడే ఉండిపోతుంది. దాన్ని ఏరుకోవాలంటే తిన్నని దారిలో నడిచి లాభం లేదు. ఇక్కడొక కుచ్చు, పది అడుగుల అవతల మరొకటి, ఆ పొద చుట్టూ తిరిగి వస్తే ఇంకొకటి. దూరం నుంచి చూసేవాడికి ఆ మనిషి గమ్యం లేకుండా తచ్చాడుతున్నట్టే కనిపిస్తుంది. మనసు కూడా ఒక ఆలోచన మీద నిలవకుండా అలాగే తిరుగుతుంది కాబట్టి పోలిక కుదిరిందని నిఘంటుకారులు చెబుతారు.

మనకు ఈ చిత్రం వెంటనే కళ్లకు కట్టకపోవడానికి కూడా కారణం ఉంది. కోస్తా ప్రాంతంలో పెరిగినవాళ్లు ఎక్కువగా చూసేది నెల్లూరు జాతి గొర్రెను. దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. తెలంగాణలో దక్కనీ గొర్రెను చూసినవాళ్లకు, కురుమల ఇళ్లలో గొంగళ్లు నేయడం చూసినవాళ్లకు ఉన్ని అంటే ఏమిటో చేతికి తెలుసు. మిగిలిన మనకు ఉన్ని అంటే దుకాణంలో రంగు రంగుల ఉండ. కనుక ఈ మాటను అర్థం చేసుకోవడానికి కొంచెం దూరం వెళ్లాలి.

1553లో టామస్ విల్సన్ అనే పండితుడు వక్తృత్వ కళ మీద ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువరించాడు. గొర్రెల పెంపకానికి పేరున్న లింకన్‌షైర్ ఆయన పుట్టిన ప్రాంతం. తరువాతి కాలంలో మొదటి ఎలిజబెత్ రాణి కొలువులో మంత్రి పదవి కూడా చేశాడు. ఆ గ్రంథంలో ఒకచోట, నీళ్లు నములుతూ, గొంతు సవరించుకుంటూ, మాట పెగలక అవస్థ పడడాన్ని వర్ణిస్తూ, మన బుద్ధీ ఇంద్రియాలూ ఉన్ని ఏరుకోవడానికి వెళ్లాయా అన్నట్టు ఉంటుందని రాశాడు. ఈ అర్థంలో ఈ మాటకు నిఘంటువులు చూపే తొలి ఆధారం అదే. ఏ వివరణా లేకుండా రాశాడంటే, చదివేవాళ్లకు ఆ పోలిక అప్పటికే పరిచయమై ఉండాలి. ప్రసంగం చేసేవాడి మీద విసిరిన మాట కాబట్టి, ఇక్కడ నిలబడ్డ నాకు అది మరీ దగ్గరగా అనిపిస్తుంది.

ఆ సంవత్సరం చుట్టుపక్కల ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. అప్పటి ఇంగ్లండ్‌కు ఉన్నే సిరి. 14వ శతాబ్దంలో మూడవ ఎడ్వర్డ్ కాలం నుంచి వాళ్ల పార్లమెంటులోని ప్రభువుల సభలో అధ్యక్ష స్థానం ఉన్ని నింపిన దిండు. ఎర్రని బట్ట తొడిగిన ఆ దిండు నేటికీ ఉంది. దేశం దేని మీద కూర్చుందో గుర్తుంచుకోవడానికి అంతకంటే సూటి గుర్తు ఉండదు. ఉన్నికి ధర పలికే కొద్దీ భూస్వాములు ఊరుమ్మడి బీళ్లను, పొలాలను తమవిగా చేసుకుని, చుట్టూ ముళ్లకంచెలు నాటి, లోపల గొర్రెలను వదిలారు. అంతకుముందు ఆ బీళ్లలో నాలుగు పశువులు మేపుకుని, కట్టెపుల్లలు ఏరుకుని బతికినవాళ్లు కంచెకు బయట మిగిలారు. విల్సన్ గ్రంథానికి నాలుగేళ్ల ముందు, 1549లో నార్‌ఫోక్‌లో రాబర్ట్ కెట్ నాయకత్వంలో వేలమంది రైతులు లేచి ఆ కంచెలను పీకి పారేశారు. ప్రభుత్వ సేనలు ఆ తిరుగుబాటును రక్తంలో ముంచాయి. అదే ఏడాది చివర్లో కెట్‌ను నారిచ్ కోట గోడకు ఉరి తీశారు.

ఇది చరిత్ర పాఠం కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. కానీ నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇందులోనే ఉంది. పేదవాడిని బీడులోంచి బయటికి నెట్టింది ఏ కంచె అయితే, గొర్రె ఒంటి నుంచి కొంచెం ఉన్నిని లాగి అతనికి అందించింది కూడా ఆ కంచే. కంచె లోపల మందలున్నవాడు ముళ్లకు తగులుకున్న కుచ్చుల కోసం పొద చుట్టూ తిరగడు. ఆ పని చేసేది మంద లేని మనిషే. ఆ మనిషికి అది కాలక్షేపం కాదు, చలికాలానికి మేజోళ్లు. గట్టు మీద నుంచి చూసిన చదువుకున్నవాడి కంటికి మాత్రం అది పనికిమాలిన తిరుగుడుగా కనిపించింది. ఆ కంటి చూపే మాటలోకి ఎక్కింది. ఈ క్రియలో ఉన్న మందలింపు ఉన్ని ఏరుకున్న చేతుల నుంచి రాలేదని నా నమ్మకం.

ఆ చేతుల గురించి మనకు బాగా తెలిసిన ఉదాహరణ వేల్స్‌ది. పశ్చిమాన సముద్రం ఒడ్డున ఉన్న కార్డిగన్‌షైర్ ప్రాంతపు పేద స్త్రీలు, 18, 19 శతాబ్దాల్లో, వేసవిలో గొర్రెల ఉన్ని కత్తిరించే రోజులు రాగానే గుంపులు గుంపులుగా బయలుదేరి మధ్య వేల్స్ కొండలకు కాలినడకన వెళ్లేవారు. వెల్ష్ భాషలో ఆ పనికి ఒక పేరే ఉంది, గ్వ్లానా అని. పశువుల కాపరులు మందలు తోలుకెళ్లే పాత కొండదారుల వెంట నడుస్తూ, ముళ్లకూ రాళ్లకూ పట్టుకున్న ఉన్నిని ఏరుతూ పోయేవారు. రాత్రిళ్లు రైతుల కొట్టాల్లో తలదాచుకునేవారు. ఏటా వచ్చే ముఖాలు కాబట్టి, రైతుల ఇళ్ల ఆడవాళ్లు కత్తిరింపులో మిగిలిన ఉన్ని కొంత తీసి ఇచ్చేవారు. ఎవరి దారి ఏది, ఏ ఇంట్లో చేయి పెద్దది అన్న సంగతులు తల్లి నుంచి కూతురికి తెలిసేవి. ఇందులో గమ్యం లేని తిరుగుడు ఎక్కడుంది చెప్పండి?

ఆ కుచ్చును ఒకసారి చేతిలోకి తీసుకున్నట్టు ఊహించండి. తెల్లగా, మెత్తగా ఉండదు. గొర్రె ఒంటి జిడ్డు దానికి పట్టి ఉంటుంది. మనం ఇప్పుడు లానోలిన్ పేరుతో చర్మపు లేపనాల్లో వాడేది ఆ జిడ్డునుంచి తీసిందే. వేళ్లకు జిడ్డు అంటుతుంది, మట్టి అంటుతుంది. లోపల ముళ్ల ముక్కలు, గడ్డి గింజలు, ఎండిన పేడ చిక్కుకుని ఉంటాయి. గట్టిగా లాగితే సగం పోగులు ముల్లుకే మిగిలిపోతాయి. ఓపికగా, ముల్లు వంగిన వైపే వేలు పోనిచ్చి తీయాలి. సంచి నిండడానికి రోజులు పడుతుంది. ఇంటికి తెచ్చాక ఉతకాలి, ఆరబెట్టాలి, చెత్త ఏరాలి. ఆ తరువాత సన్నని తీగపళ్లున్న పలకల మధ్య దువ్వి పోగులన్నీ ఒక వరుసకు తేవాలి. అప్పుడు గానీ అది రాట్నం దగ్గరికి రాదు. నూలు వడికి, సూదులతో మేజోళ్లు అల్లి, సంతలో అమ్మేవారు. వేల్స్ ఆడవాళ్లు దారిలో నడుస్తూ కూడా అల్లుతూనే ఉండేవారని ఆ ప్రాంతం తిరిగిన యాత్రికులు రాశారు. ఉత్తర వేల్స్‌లోని బాలా అనే ఊరి సంత ఆ మేజోళ్లకే పేరుపొందింది.

వేరువేరు గొర్రెల ఉన్ని, వేరువేరు కొండలది, ఒకే నూలులో కలిసిపోతుంది. ఇది గుర్తుంచుకోండి, మనసు గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

ఇప్పుడు వ్యాకరణం వైపు వద్దాం. ఇది విద్యార్థులకు. మొదట్లో ఈ మాటకు కర్త మనిషి కాదు. అతని బుద్ధి ఉన్ని ఏరుకోవడానికి వెళ్లింది అనేవారు. మనిషి కుర్చీలోనే ఉన్నాడు, బుద్ధి బయటికి వెళ్లింది. మన తెలుగులో మనసు మనసులో లేదు అంటాం, ధ్యాస ఇక్కడ లేదు అంటాం, ఆ పద్ధతే. పాత రచనల్లో మాట ముందు ఒక అ అనే పొట్టి అక్షరం కూడా చేరి, అ-ఊల్‌గ్యాదరింగ్ అని ఉంటుంది. వేటకు వెళ్లాడు అనడానికి అ-హంటింగ్ అన్నట్టే ఇదీ. ఆ అ ఒకప్పుడు ఆన్ అనే విభక్తి, అరిగి అరిగి అంత మిగిలింది. కాలక్రమంలో బుద్ధి అనే కర్త తప్పుకుంది. ఇప్పుడు మనిషే ఊల్‌గ్యాదరింగ్ చేస్తున్నాడు. బయటికి వెళ్లింది బుద్ధి అయితే తప్పు దానిది, మనిషిని కర్తగా చేశాక తప్పు పూర్తిగా అతనిది అయింది. భాషలో ఇంత చిన్న మార్పు మందలింపు బరువును ఎలా మార్చిందో చూడండి.

మరో విశేషం. ముందు నామవాచకం పుట్టి, దానిలోంచి వెనక్కి తీసిన క్రియ ఇది. ఎడిటర్ అనే మాట ముందు వచ్చి, దానిలోంచి ఎడిట్ అనే క్రియ వచ్చింది. బర్గ్లర్ ముందు, బర్గిల్ తరువాత. అలాగే ఊల్‌గ్యాదరింగ్ 16వ శతాబ్దంలోనే ఉంది, ఊల్‌గ్యాదర్ అనే విడి క్రియ 19వ శతాబ్దంలో గానీ కనిపించదు. అందుకే నేటికీ ఇది ఇంగ్ చేరిన రూపంలోనే సహజంగా వినిపిస్తుంది. జరుగుతున్న పనిగా, కొనసాగుతున్న స్థితిగా చెబితే చెవికి ఇంపుగా ఉంటుంది. భూతకాలంలో ఊల్‌గ్యాదర్డ్ అని వాడితే తప్పు కాదు గానీ ఎవరూ అలా అనరు. నిన్న గంటసేపు పరధ్యానంలో ఉన్నాను అని చెప్పాలంటే, గంటసేపు ఊల్‌గ్యాదరింగ్‌లో గడిపాను అనే తీరులోనే వాక్యం కట్టుకోండి.

ఈ క్రియ అకర్మకం. అంటే దీనికి కర్మ ఉండదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన గుణం అది. దీని చుట్టాలను చూడండి. డేడ్రీమ్ చేసేవాడు, అంటే పగటికలలు కనేవాడు, దేని గురించో చేస్తాడు, ఉద్యోగం గురించో, పెళ్లి గురించో. దాని పక్కన అబౌట్ అనో ఆఫ్ అనో వచ్చి కూర్చుంటుంది. ఫాంటసైజ్ కూడా అంతే, అందులో కోరిక పాలు ఇంకా ఎక్కువ. మ్యూజ్ చేసేవాడు ఆన్ అనో ఓవర్ అనో ఒక విషయం పట్టుకుని నెమ్మదిగా తిప్పి తిప్పి చూస్తాడు, అది గౌరవమైన మాట, కవులకూ తాత్త్వికులకూ వాడతారు. చంద్రుడి పేరున్న మూన్ అనే క్రియ ఒకటి ఉంది. మూన్ ఓవర్ అంటే ఒక మనిషి ధ్యాసలో పడి ఉసూరుమంటూ ఉండడం. ఊల్‌గ్యాదర్‌కు మాత్రం ఏ విభక్తీ అక్కర్లేదు. దేని గురించి అని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే మనసు ఒక్కదాని గురించి లేదు. దొరికినదల్లా ఏరుకుంటోంది.

డేడ్రీమ్‌లో కథ ఉంటుంది, ఆ కథలో నాయకుడు మనమే. మొదటి ర్యాంకు మనదే, చప్పట్లు మనకే. ఊల్‌గ్యాదరింగ్‌లో కథ లేదు. పొద్దున కుళాయి దగ్గర విన్న మాట, ఎప్పుడో చదివిన పద్యపాదం, చెప్పు తెగిన సంగతి, చనిపోయిన తాతగారి చేతికర్ర, ఒకటి వెంట ఒకటి వస్తాయి. పెద్ద సంబంధం ఉండదు. ఈ రెంటినీ కలిపేసి, అన్నిటికీ పగటికలలు అని రాయడం మన విద్యార్థుల్లో ఎక్కువ. ర్యాంకుల గురించి ఊహించుకునే కుర్రవాడు డేడ్రీమింగ్‌లో ఉన్నాడు. కిటికీలోంచి ఊరికే చూస్తున్న కుర్రవాడు ఊల్‌గ్యాదరింగ్‌లో ఉన్నాడు. ఇద్దరూ ఒకటి కాదు.

ఈ తేడాను మనస్తత్వ శాస్త్రం కూడా పట్టుకుంది. తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జెరోమ్ సింగర్ 1960లలో ఈ రంగంలో చాలామందికి దారి చూపాడు. అప్పటిదాకా పగటి ఊహలను రోగలక్షణంగా చూసే ధోరణి బలంగా ఉండేది. సింగర్ దాన్ని మామూలు మనుషుల మామూలు జీవితంగా చూశాడు. ఆయన, ఆయన సహచరులు ఊహల తీరును మూడు రకాలుగా చెప్పారు. ఆహ్లాదంగా, కొత్త ఆలోచనలతో సాగేవి ఒక రకం. భయం, అపరాధ భావన చుట్టూ తిరిగేవి మరో రకం. దేని మీదా నిలవలేక చెదిరిపోయే ధ్యాస మూడో రకం. మనం పిల్లవాడిని చూసి ఒకే మాటతో కసురుకునే స్థితిలో ఇన్ని స్థితులు దాగి ఉన్నాయన్నమాట.

2001లో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కస్ రైక్లీ బృందం ఒక ముఖ్యమైన పరిశోధనా పత్రం వెలువరించింది. మెదడు చిత్రాలు తీసేటప్పుడు, మనిషికి ఏదైనా పని అప్పగించగానే మెదడులో కొన్ని భాగాల చురుకు తగ్గడం, పని లేకుండా ఊరికే పడుకోబెట్టగానే ఆ భాగాలే చురుకెక్కడం వాళ్లు గమనించారు. ఖాళీగా ఉన్న మెదడు ఖాళీగా లేదు. మన ఒంటి బరువులో మెదడు దాదాపు 2 శాతం. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఒక పని మీద మనసు పెట్టినప్పుడు అదనంగా అయ్యే ఖర్చు చాలా స్వల్పం. మన గతం, రేపటి ఆలోచన, ఎదుటివాళ్ల మనసులో ఏముందన్న ఊహ, ఇవన్నీ ఆ భాగాల పనిలో పాలుపంచుకుంటాయి. అంటే ఆ సమయంలో మనసు పాత జ్ఞాపకాల పోగులను కొత్త వరుసలో కలుపుతోంది. వేరువేరు కొండల ఉన్ని ఒకే నూలులో కలుస్తుందని ఇందాక చెప్పింది ఇందుకే.

అయితే నేను ఒక పక్షమే చెప్పి మిమ్మల్ని మోసం చేయను. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు 2,250 మంది పెద్దల ఫోన్లకు రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ప్రశ్నలు పంపారు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. హాయిగొలిపే సంగతుల వైపు వెళ్లిన మనసు సైతం, పని మీద ఉన్న మనసు కంటే ఎక్కువ సంతోషంగా లేదు. ఈ ఫలితాన్ని తేలికగా తీసుకోకూడదు. ముల్లులో ఉన్ని ఒక్కటే దొరకదు. దిగులు మనిషి మనసు తిరిగితే దిగులే ఏరుకొస్తుంది.

చదువుతున్నప్పుడు జరిగే సంగతి మీ అందరికీ తెలుసు. కళ్లు వరుస వెంట వరుస నడుస్తూ పుట అడుగుకు చేరతాయి. అక్కడ ఆగి చూసుకుంటే ఒక్క వాక్యం గుర్తుండదు. మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ స్కూలర్, ఆయన సహచరులు పాఠకులను మధ్యమధ్యలో ఆపి అడిగి దీన్ని పరీక్షించారు. మనసు పక్కకు పోయిందన్న సంగతి చదివేవాళ్లకు చాలాసార్లు తెలియనే తెలియదని, అడిగినప్పుడే బయటపడుతోందని తేలింది. కనుక పరీక్ష ముందు రోజు ఇలా చదివితే, రెండు గంటలు కూర్చున్నామన్న తృప్తి తప్ప ఏమీ దక్కదు. పుటకొకసారి పుస్తకం మూసి, ఇప్పుడేం చదివాను అని పైకి చెప్పుకోండి. అంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

ఉపాధ్యాయ మిత్రులతో ఒక విన్నపం. మన తరగతుల్లో కిటికీ పక్కన కూర్చున్న పిల్లను లేపి నిలబెట్టడం మనకు అలవాటు. చెప్పిన చివరి వాక్యం చెప్పమంటాం. ఆ పిల్ల చెప్పలేదు. తరగతి నవ్వుతుంది. నా తరగతిలో అలా నిలబెట్టిన ఒక అమ్మాయిని, చివరి వాక్యం వదిలేసి, ఇప్పుడు నీ మనసులో ఏముందో చెప్పు అని అడిగాను. కొంచెంసేపు తటపటాయించి, గోడ అవతల వేపచెట్టు మీద కాకి గూడులో ఇనుప తీగ ముక్క ఉందని, అది ఎక్కడిదా అని చూస్తున్నానని చెప్పింది. ఆనాటి పాఠం ప్రశ్నార్థక వాక్యాలు. ఆ కాకి గూడు మీదే తరగతి అంతా ఇంగ్లీషులో ప్రశ్నలు వేసింది. ఆ అమ్మాయి వేసిన ప్రశ్నలు అందరికంటే బాగున్నాయి. ప్రతి పరధ్యానంలోనూ ఇలాంటిది దొరుకుతుందని నేను అనను. ఇంట్లో తిండి లేక చూపు నిలవని పిల్లలు ఉంటారు, రాత్రి నిద్ర లేని పిల్లలు ఉంటారు, ఏదో భయంతో లోపలికి ముడుచుకున్నవాళ్లు ఉంటారు. ఎవరు ఎందుకు అలా ఉన్నారో చివరి వాక్యం అప్పజెప్పించుకుంటే తెలియదు. పక్కకు పిలిచి అడిగితేనే తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్నలకు సమయం ఇవ్వాలి.

వెనుక నుంచి ఒక మాస్టారు అడుగుతున్నారు, పిల్లలకు ఈ మాట నేర్పాలా, ఇంత అరుదైన మాట కదా అని. నేర్పాలి. డేడ్రీమ్ నేర్పిన తరువాతే నేర్పాలి, పక్కపక్కన పెట్టి తేడా చూపాలి. అరుదైన మాటను ఒంటరిగా నేర్పితే మరుసటి వారానికి మరిచిపోతారు. చుట్టాలతో కలిపి నేర్పితే నిలుస్తుంది. ముళ్లకంచె బొమ్మ బోర్డు మీద వేస్తే ఇంకా మంచిది.

ఇక్కడ ముందు వరుసలో ఉన్న అమ్మాయి ప్రశ్న. సెలవు చీటీలో గానీ ఉద్యోగం ఇంటర్వ్యూలో గానీ ఈ మాట వాడవచ్చా అని. చూడమ్మా, నీ గురించి నువ్వు స్నేహితుల దగ్గర చెప్పుకోవడానికి ఇది చక్కని మాట. క్షమించు, నా ధ్యాస ఎటో పోయింది అని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు ఇలాగే వాడతారు. పై అధికారిని పట్టుకుని మీరు ఊల్‌గ్యాదరింగ్ చేస్తున్నారా అంటే మాత్రం మర్యాదగా ఉండదు, ఎందుకంటే అందులో మందలింపు ఉంది. ఇంటర్వ్యూలో అవసరం రాదు. కథ రాసేటప్పుడు, ఒక మనిషి స్వభావాన్ని వర్ణించేటప్పుడు వాడు. దానికి కర్మ తగిలించకు, వెనక అబౌట్ పెట్టకు, ఇంగ్ రూపంలో వాడు. ఈ మూడూ చూసుకుంటే నీ వాక్యం తప్పుపోదు.

మరొక బాబు డేడ్రీమింగ్ మంచిదా, ఊల్‌గ్యాదరింగ్ మంచిదా అని అడుగుతున్నాడు. ఏది మంచిది అనేది ఆ గంటలో నీ ముందున్న పనిని బట్టి ఉంటుంది నాయనా. రోడ్డు దాటేటప్పుడు రెండూ వద్దు. పొలం గట్టు మీద నడిచేటప్పుడో, బట్టలు ఆరేసేటప్పుడో మనసును కట్టేయాల్సిన అవసరం లేదు, తిరగనివ్వు. తిరిగి వచ్చాక ఏం తెచ్చిందో ఒకసారి చూసుకో. పనికొచ్చేది ఉంటే కాగితం మీద రాసుకో, లేకపోతే వదిలెయ్.

ఈ క్రియతో తలా రెండు వాక్యాలు రాసినవాళ్లు బయట రిజిస్టరు దగ్గర ఉన్న బుట్టలో వేసి వెళ్లండి. దిద్ది, వచ్చే ఆదివారానికి గ్రంథాలయంలోనే ఉంచుతాను. నమస్కారం.